నేల తోలు

రోహిణి కార్తె. కాలవలు కట్టేశారు.
రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తప్ప
నీళ్ళమీద ఇంకేదీ కదలని మిట్టమధ్యాహ్నం
సరెళ్ళ ఏలియా షెడ్డులోంచి చప్పుడు.

వేలంలో కొన్న ఆయిల్ డ్రమ్ము.
మూడు రోజులుగా దాని అడుగుని
సుత్తితో లోపలికి కుంగదీస్తున్నాడు,
కొట్టడం, చెవి ఆనించడం, సుద్దముక్కతో గీయడం.

నేను క్లారినెట్ వాణ్ణి.
పెళ్ళికీ శవానికీ ఒకటే పీక.
చెవి ఊరుకోక గుమ్మంలో నిలబడ్డాను.
"మేత కలిపే తొట్టా?"
"కాదు బావా, వాయిద్యం."

నాకు నోరు తిరగని పేరున్న దీవిలో
రెండేళ్ళు నూనె ట్యాంకులకి అతుకులేసి వచ్చాడు.
వచ్చాక మాట తగ్గింది.
ఆవేళ మాత్రం సుత్తి దించకుండా చెప్పాడు:

"అక్కడా ఎండల్లోనే తీర్థం బావా.
తెల్లారకముందే ఒంటికి బురదా నూనే పూసుకుని
ఊరు ఊరంతా రోడ్డెక్కుద్ది.
లారీలమీద సౌండు బాక్సులు మన మేడలకన్నా ఎత్తు.
ఈకలు కట్టిన ఆడోళ్ళు నడుస్తుంటే
రోడ్డుకే రెక్కలొచ్చినట్టు ఉంటాది.
నన్నెవరూ ఏ పేటోడివని అడగలేదు.
మధ్యాహ్నానికి నా మీది బురద
ఎవరి ఒంటిదో నాకే తెలీదు."

డప్పుల గెడ్డం సత్తెయ్య వచ్చాడు,
డెబ్బై ఏళ్ళ బొటనవేలితో డ్రమ్ముని నిమిరాడు.
"ఇది దేని తోలురా?"
ఏలియా కాసేపు ఆలోచించాడు.
"నేల తోలు, పెదనాన్నా."

అక్కడ ఒకప్పుడు దొరలు తోలు వాయించొద్దంటే
వెదుళ్ళు కొట్టారట.
తరవాత డబ్బాలు, మూతలు, చివరికి డ్రమ్ములు.
సత్తెయ్య నవ్వాడు, పళ్ళులేని నవ్వు:
"మనల్ని వాయించొద్దని ఎవరన్నార్రా?
వాయించమనే అన్నారు.
లోపలికి మాత్రం రావద్దన్నారు."

షెడ్డు వెనక కొబ్బరి డొక్కలు రాజేసి
ఒక పక్క డప్పులు కాచారు, ఒక పక్క డ్రమ్ము.
మా నేలకింద మంట ఉందని
రాత్రిళ్ళు ఎర్రబడే ఆకాశం చూసే మాకు తెలుసు.
ఆ మంట మాకు పనికొచ్చిందిగానీ
పాటకి రావడం ఇదే మొదలు.

మరిడమ్మ జాతర రాత్రి
చిట్టూరి లోవరాజు నెత్తిన గరగ ఊగింది.
కుర్రాళ్ళు ఎండిన కాలవలోకి దూకి
నల్లటి అడుగుమట్టి మొహాలకి పులిమి వచ్చారు,
పులివేషాలోడు రంగు పోద్దని పారిపోయాడు.
కాగితప్పూలు, జీళ్ళు, జనరేటరు పొగ,
మెడలో పట్టీకి వేలాడే డ్రమ్ముతో ఏలియా.

మొదటి దెబ్బకి
ఇత్తడి బిందెలో వాన పడింది.
పిల్లలు పైకి చూశారు, మబ్బు లేదు.
డప్పు కింద పరిగెత్తింది, అది పైన తేలింది.
నా క్లారినెట్టు దాని వెంట పడి
రెండుసార్లు దారి తప్పింది,
ఒకసారి కావాలనే తప్పాను.

గుడి గేటు దగ్గర ఎప్పటిలాగే ఆగాం.
ఆగాల్సిన చోటు కాళ్ళకి తెలుసు.
ఏలియాకి మాత్రం తెలిసినట్టు లేదు,
కళ్ళు మూసుకుని వాయిస్తూ
అలాగే నడుస్తున్నాడు.
సత్తెయ్య చెయ్యి సాచాడు, పట్టుకోడానికి,
ఏమనుకున్నాడో, వెనక్కి తీసుకుని
డప్పు మీదే పెట్టాడు.
ఒక్క దెబ్బ.
ఎవరో "ఆయ్! ఆగండి!" అన్నారు.
మట్టి మొహాల గుంపు గేటు దాటిపోయింది.
అందులో ఏ పిల్లాడు ఏ వీధివాడో
చెప్పగలిగినవాళ్ళు ఆ రాత్రి లేరు.

తెల్లారి పెద్దలు పిలిపించారు.
ఏలియా స్నానం చేసి, చొక్కా వేసుకుని వెళ్ళాడు.
ఏం జరిగిందో చెప్పలేదు.
డ్రమ్ము షెడ్డులోనే ఉంది,
ఒక స్వరం దిగిపోయింది ఎండకి.
మృగశిర వచ్చేలోగా సరిచేస్తానంటాడు.

నిన్న గుమ్మంలో కూర్చుని
సత్తెయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని
మెల్లగా మీటుతున్నాడు.
ఆ దిగిపోయిన చోటే,
మళ్ళీ మళ్ళీ.